కొండ మీద సైకిల్ దిగాక ముందు జావ, తర్వాతే ప్రోటీన్

మా గ్రూపులో ఎవరు మనాలి నుంచి లేహ్‌కి సైకిల్ మీద బయల్దేరినా బ్యాగులో ముందు పడేది ప్రోటీన్ పొడి డబ్బా. గ్లౌజులు, పంక్చర్ కిట్, రెయిన్ జాకెట్ ఆ తర్వాతే. మొదటిసారి నేనూ అలాగే వెళ్ళాను. ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మట్టిదారుల మీద తొక్కి వచ్చాక రెండు స్కూపులు కలుపుకుని తాగేదాన్ని. బాగానే ఉండేది. ఇక్కడ పనిచేసింది అక్కడా పనిచేస్తుందనుకున్నాను. నాలుగు వేల మీటర్ల మీద పనిచేయలేదు. అంతటితో పోతే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. ఆ డబ్బా మీద పెట్టుకున్న నమ్మకం వల్ల మాతో వచ్చిన ఒక కుర్రాడి విషయంలో చేయకూడని ఆలస్యం చేశాం. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. కింద ఊళ్ళో సైకిల్ తొక్కి ఇంటికొచ్చి తినే భోజనం వేరు. కొండ మీద తొక్కి, ఆ ఎత్తులోనే పడుకుని, తెల్లారి ఇంకో కనుమ ఎక్కాల్సిన మనిషి తినే భోజనం వేరు. మొదటిది కండ కోసం, రెండోది రేపటి ఊపిరి కోసం. అక్కడ వేడి నీళ్ళు, ఉప్పు, అన్నమో పిండో ముందు కడుపులో పడాలి. గుడ్డు, పప్పు, మాంసం, ప్రోటీన్ పొడి వాటి వెనక రావాలి. ఈ వరుస తిరగేస్తే అటు కండకూ అందదు, ఇటు ఊపిరికీ అందదు.

ఆ ఏడాది జూలైలో ఆరుగురం వెళ్ళాం. సామాన్లకు ఒక జీపు. జింగ్‌జింగ్‌బార్‌లో పడుకుని, మర్నాడు బారలాచా కనుమ దాటి సర్చులో దిగాం. బారలాచా దాదాపు 4,890 మీటర్లు, సర్చు 4,300కి కాస్త తక్కువ. మధ్యాహ్నం మూడింటికి సర్చు చేరేసరికి గాలి టెంట్లను పీకేస్తోంది. మాలో అందరికన్నా చిన్నవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, మంచం మీద కూర్చుని హెల్మెట్ కూడా తీయలేదు.

“అక్కా, ఏమీ తినబుద్ధి కావట్లేదు” అన్నాడు.

“తినకపోతే రేపు గాటా లూప్స్ మెలికల దారి ఎక్కలేవు. ముందు ఇది తాగెయ్” అని చల్లటి నీళ్ళలో రెండు స్కూపులు కలిపి చేతిలో పెట్టాను.

నా మాట కాదనలేక తాగాడు. పది నిమిషాల్లో టెంటు బయట వాంతి చేసుకున్నాడు. గతుకుల్లో దిగుతూ వచ్చాడు కదా, కడుపు కదిలిపోయి ఉంటుంది అనుకున్నాం. బండరాళ్ళ మధ్య గంటలకొద్దీ బ్రేకులు పట్టుకుని దిగితే చేతులూ భుజాలూ పట్టేసినట్టే పేగులూ కుదుపుకు గురవుతాయి, అది నిజమే. రాత్రి కోడికూర, రొట్టె పెట్టించాం. రెండు ముక్కలు నోట్లో పెట్టుకుని కంచం పక్కకు జరిపాడు. తొమ్మిదింటికి తలనొప్పి మొదలైంది. “రికవరీ సరిగ్గా కాలేదు, అందుకే” అని మా అందరి తీర్మానం. తెల్లారేసరికి మంచినీళ్ళు కూడా నిలవడం లేదు.

అప్పుడు గానీ మాకు అర్థం కాలేదు, అది భోజనం సమస్య కాదని. తలనొప్పి, తిండి సయించకపోవడం, వికారం, నీరసం, కళ్ళు తిరగడం: ఇవన్నీ ఎత్తులో ఆక్సిజన్ చాలక వచ్చే కొండ జబ్బు లక్షణాలు. డాక్టర్లు దాన్ని అంచనా వేసే లేక్ లూయీస్ స్కోరులో తలనొప్పి పక్కనే కడుపు సంగతి, ఆకలి సంగతి ఉంటాయి. అంటే వాడు “తినబుద్ధి కావట్లేదు” అన్నప్పుడే సగం విషయం చెప్పేశాడు. నేను దానికి జవాబుగా షేకర్ అందించాను.

సర్చులో ఇంకో చిక్కు ఉంది. ఆ దారిలో వెళ్ళేవాళ్ళందరికీ ఇది ముందే తెలిసి ఉండాలి. అక్కడ ఒంట్లో బాగోకపోతే కిందికి దిగాలి, కానీ అటు లేహ్ వైపు వెళ్ళినా ఇటు మనాలి వైపు వెళ్ళినా ముందు ఎక్కాలి. మేం వెనక్కి తిప్పాం. జీపు మళ్ళీ బారలాచా ఎక్కి దిగుతున్నంతసేపూ నా ప్రాణం నా దగ్గర లేదు. 3,200 మీటర్ల దగ్గర జిస్పా చేరిన కొన్ని గంటలకు వాడు లేచి కూర్చుని, తనంతట తానే పప్పన్నం అడిగాడు. కింద పరుచుకున్న ఎండలో స్టీలు కంచం పెట్టుకుని తింటుంటే చూస్తూ కూర్చున్నాను.

కాబట్టి అన్నిటికన్నా ముందు మాట ఇది. పైన సైకిల్ దిగాక తిండి సయించకపోతే, దాంతోపాటు తలనొప్పి ఉంటే, ఆ రాత్రి మెనూ గురించి కాదు ఆలోచించాల్సింది. అక్కడే ఆగాలి, ఇంకా పైకి వెళ్ళకూడదు. తగ్గకపోయినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగాలి. దానికి జావ మందు కాదు, ప్రోటీనూ మందు కాదు.

ఇక జబ్బేమీ లేకుండా, మామూలుగా అలసిపోయిన మనిషి సంగతికి వస్తాను.

కొండ మీద ఆకలి చచ్చిపోవడం మన బద్ధకం కాదు, వంట బాగోక కాదు, చలి వల్ల కూడా కాదు. 1985లో అమెరికాలో ఆపరేషన్ ఎవరెస్ట్ 2 అని ఒక ప్రయోగం చేశారు. ఎనిమిది మందిని ఒక గదిలో ఉంచి, 40 రోజుల్లో గాలి పీడనాన్ని మెల్లమెల్లగా ఎవరెస్ట్ శిఖరం మీద ఉండేంతకు తగ్గించారు. గది వెచ్చగా ఉంది, నచ్చిన తిండి ఉంది, మోసే బరువు లేదు. అయినా మొదట్లో రోజుకు 3,100 పైచిలుకు కిలో కేలరీలు తిన్నవాళ్ళు చివరికి 1,800 లోపుకు పడిపోయారు. సగటున 7.4 కిలోల బరువు తగ్గారు. ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. తిన్న కాస్తలో కూడా పిండి పదార్థాల వాటా తగ్గిపోయింది. అంటే ఒంటికి అక్కడ ఎక్కువ పనికొచ్చే తిండి మీదే మనసు పోవడం లేదన్నమాట. ఆకలేసినప్పుడు తిందాంలే అనే కింద పద్ధతి అక్కడ మోసం చేస్తుంది. టైము చూసుకుని తినాలి.

ఎందుకు పిండి పదార్థాలే? అన్నమైనా, బెల్లమైనా, గోధుమపిండైనా మండి శక్తినివ్వాలంటే ఆక్సిజన్ కావాలి. ఒక లీటరు ఆక్సిజన్‌తో పిండి పదార్థం మండితే దాదాపు 5 కిలో కేలరీలు వస్తాయి, కొవ్వు మండితే 4.7 దగ్గర ఆగిపోతుంది. కింద ఇది లెక్కలోకి రాని తేడా. లేహ్‌లో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సుమారు 65 శాతం, పాంగ్ దగ్గర 57 శాతం, లేహ్ పైనున్న ఖార్దుంగ్‌లా కనుమ మీద సగానికి కాస్త ఎక్కువ. ఆక్సిజన్ అంత కరువైన చోట లీటరుకు ఏడు శాతం లాభం అంటే చిన్నదేం కాదు. దీనికితోడు ప్రోటీన్ అరగాలంటే, దాంట్లోంచి వచ్చే శక్తిలో అయిదో వంతుకు పైగా అరగడానికే పోతుంది. అన్నానికి అంత ఖర్చు లేదు. ఊపిరి చాలని ఒంటికి ముందుగా ఎక్కువ పని చెప్పే తిండి పెట్టడం నాకు సబబుగా అనిపించదు.

కండరాల్లో, కాలేయంలో మనం దాచుకునే పిండి పదార్థపు నిల్వ, అంటే గ్లైకోజెన్, మహా అయితే నాలుగైదు వందల గ్రాములు. ఆరేడు గంటలు ఎక్కితే అది దాదాపు ఊడ్చుకుపోతుంది. మర్నాడు మళ్ళీ ఎక్కాలంటే రాత్రికి రాత్రి నింపుకోవాలి. క్రీడా పోషణ నిపుణులు చెప్పే కొలత ఏమిటంటే, మొదటి నాలుగు గంటల్లో గంటకు ఒక కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల పిండి పదార్థం. 60 కిలోల మనిషికి గంటకు 60 నుంచి 72 గ్రాములు. ఒక కప్పు వండిన అన్నంలో సుమారు 45 గ్రాములుంటాయి కాబట్టి గంటగంటకూ కప్పున్నర అన్నం. చదవడానికి తేలిక. పాంగ్‌లో టెంటులో కూర్చుని, ముద్ద మింగడానికి ఊపిరి ఆపుకోవాల్సి వస్తున్నప్పుడు కప్పున్నర అన్నం కొండంత కనిపిస్తుంది. అందుకే నమిలేది కాదు, తాగేది కావాలి.

జావ దగ్గరికి నేను వచ్చింది అలాగే.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి నలుగురం. జిస్పాలో ఒక రోజు ఎక్కువ ఆగాం. సర్చు నుంచి పాంగ్‌కి ఒకే రోజులో వెళ్ళే పిచ్చి పెట్టుకోలేదు, నకీలా కనుమ దాటాక విస్కీ నాలా అనే చోట రాత్రి ఆగి, మర్నాడు లాచుంగ్‌లా కనుమ దాటాం. అయినా పాంగ్ చేరేసరికి దవడలు కదలడం లేదు. పాంగ్ అంటే ఊరు కాదు, 4,600 మీటర్ల ఎత్తులో రోడ్డు పక్కన ఒక వరస టెంటు హోటళ్ళు, అటుపక్క మిలిటరీ క్యాంపు. లోపల గోడల వెంబడి పరుపులు, మధ్యలో స్టవ్వు, దాని మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది.

మేం దిగిన టెంటు నడిపేది యాభై ఏళ్ళ పైబడ్డ లద్దాఖీ ఆవిడ. అందరూ ‘ఆమా-లే’ అంటున్నారు, అంటే అమ్మగారు అన్నట్టు. నా మొహం చూసి ఏమీ అడగలేదు. సగం గ్లాసు గోరువెచ్చటి నీళ్ళిచ్చింది. నేను నా దగ్గరున్న ఓఆర్ఎస్ ప్యాకెట్ తీసి, లీటరు బాటిల్‌లో ఆవిడ పోసిన వేడి నీళ్ళలో కలుపుకుని, ఒక్కో గుక్కా తాగుతూ కూర్చున్నాను. అన్నం ఉందా అని అడిగితే కుక్కర్ మూత తీసి చూపించింది. పొద్దున్న వండినది, అడుగున రెండు గరిటెలంత మిగిలింది. అది తినలేనన్నట్టు నేను తల అడ్డంగా ఊపాను. వచ్చీరాని హిందీలో, చేతులతో, నీళ్ళలా చేసి పెట్టమని అడిగాను.

ఆవిడకు వెంటనే అర్థమైంది. ఆ మెతుకుల్లో నాలుగింతలు నీళ్ళు పోసింది, చిన్న అల్లం ముక్క చాకు వెనకవైపుతో చితక్కొట్టి వేసింది, ఉప్పు వేసి మూత పెట్టింది. రెండు కూతలు వచ్చాక దించి, గరిటె కాడతో గట్టిగా తిప్పింది. మెతుకు కనపడకుండా తెల్లగా, చిక్కగా అయింది. నేను బ్యాగులోంచి మా అమ్మ కట్టిచ్చిన చారుపొడి తీసి అర చెంచా చల్లాను. మిరియాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చింతపండు పులుపు. ఆ వాసనకి నోట్లో నీళ్ళూరాయి. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి. ఆవిడ కూడా వేలి కొసతో పొడి రుచి చూసి, కళ్ళు పెద్దవి చేసి, ఇంకొంచెం అడిగింది. మిగతా పొట్లం ఆవిడకే ఇచ్చేశాను.

గిన్నెడు జావ పావుగంటలో అయిపోయింది. ఇంకో గంటకి థుక్పా తాగాను. థుక్పా అంటే గోధుమపిండి నూడుల్స్, ముల్లంగి, ఆకుకూర వేసిన పల్చటి ఉప్పు చారు. అందులోనే ఒక గుడ్డు కొట్టి వేయమన్నాను. ఆ తర్వాతే ప్రోటీన్ సంగతి. పడుకునే ముందు పాలపొడి కలిపిన వేడి పాలు. లెక్క వేసుకుంటే ఆ సాయంత్రం నేను తిన్నది కొలతకు తక్కువే. అయినా కడుపులో నిలిచింది. నిలవని నూరు గ్రాముల కన్నా నిలిచిన అరవై గ్రాములు మేలు.

ఆ పరుపు మీద పడుకుని మా నాయనమ్మ గురించి అనుకున్నాను. జ్వరం వచ్చి లేచినవాళ్ళకి ఆవిడ ముందు పెట్టేది ఉప్పేసిన గంజి. తర్వాత చారన్నం. పప్పు, కూర మూడో రోజు. బలహీనపడిన ఒంటికి ఏది ముందు, ఏది తర్వాత అనేది ఆవిడ ఎక్కడా చదువుకోలేదు. గంజిలో నీళ్ళున్నాయి, పిండి పదార్థం ఉంది, ఉప్పు ఉంది. రంగురంగుల ప్యాకెట్లలో రికవరీ డ్రింక్ పేరుతో అమ్మేదాంట్లో ఉండేవి కూడా ముఖ్యంగా ఈ మూడే.

ఉప్పు సంగతి ఇంకాస్త చెప్పాలి. లద్దాఖ్‌లో చెమట కనపడదు. పుట్టిన వెంటనే ఆరిపోతుంది. సాయంత్రం చెంపలు తడుముకుంటే గరుకుగా తెల్ల పొడి చేతికి వస్తుంది, అంతే గుర్తు. ఆయాసంతో పీల్చి వదిలే ప్రతి ఊపిరిలోనూ నీరు పోతుంది, ఎత్తుకు అలవాటుపడే క్రమంలో మూత్రం కూడా ఎక్కువ వస్తుంది. కొండ జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర వేసుకుంటున్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. (ఆ మాత్ర వేసుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కూల్‌డ్రింకు రుచి చచ్చినట్టుంటుంది. కంగారు పడక్కర్లేదు.) దీనికి మనవాళ్ళు చేసే పని, ఎవరో చెప్పారని రోజుకు అయిదారు లీటర్లు ఉత్త మంచినీళ్ళు తాగడం. ఉప్పు పోయిన ఒంట్లోకి ఉత్త నీళ్ళే పోస్తూ పోతే రక్తంలో సోడియం పలచబడి, అదీ తలనొప్పి, వాంతులుగానే బయటపడుతుంది. కొండ జబ్బో ఇదో తేల్చుకోలేని టెన్షన్ ఒకటి. అందుకే దిగిన వెంటనే ఓఆర్ఎస్, తర్వాత ఉప్పు చారు, ఉప్పు జావ. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద లీటరుకు అని రాసి ఉంటే లీటరులోనే కలపాలి. రుచి కోసం అర లీటరులో చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది.

అక్కడ వంట కూడా మన మాట వినదు. గాలి పీడనం తగ్గితే నీళ్ళు తొందరగా మరుగుతాయి. లేహ్‌లో సుమారు 88 డిగ్రీలకు, పాంగ్‌లో 85కి. గిన్నెలో కళపెళా ఉడుకుతున్నట్టే ఉంటుంది, కానీ ఆ నీళ్ళలో అంత వేడి లేదు. మూత లేని గిన్నెలో కందిపప్పు ఎన్ని గంటలుంచినా పలుకు పలుకుగానే ఉంటుంది, రాజ్మా అయితే చెప్పనే అక్కర్లేదు. కుక్కర్ ఉంటేనే పప్పు పప్పవుతుంది. సగం ఉడికిన రాజ్మా తిన్నవాడికి ఆ రాత్రి కడుపుబ్బరం ఖాయం. బయట పీడనం తగ్గితే కడుపులోని గాలి కూడా వ్యాకోచిస్తుంది, దుకాణంలో వేలాడే చిప్స్ ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బినట్టే. అసలే ఊపిరి చాలని చోట పొట్ట ఉబ్బి పైకి తంతే నిద్ర ఎలా పడుతుంది? రాజ్మా చావల్‌లో ప్రోటీన్ బాగుంటుంది అని వాదించేవాళ్ళకి నా జవాబు ఇదే. బాగుంటుంది, కింద మనాలిలో తినండి. పైన తినాలంటే పెసరపప్పో, ఎర్ర కందిపప్పో, అదీ కుక్కర్లో పెట్టింది.

వెన్న టీ గురించి నాతో చాలామంది వాదిస్తారు. లద్దాఖీలు తరతరాలుగా వెన్న, ఉప్పు వేసిన గుర్‌గుర్ చాయ్ తాగి ఆ కొండల్లో బతుకుతున్నారు కదా, మరి కొవ్వు వద్దంటావేమిటి అని. వాళ్ళు ఆ చాయ్‌తో ఏం తింటారో కూడా చూడాలి. అందులో వేయించిన బార్లీ పిండి కలిపి ముద్ద చేసుకుంటారు. ఖంబీర్ రొట్టె ముంచుకుని తింటారు. సాయంత్రం స్క్యూ చేసుకుంటారు, గోధుమపిండి ముద్దని బొటనవేలితో చిన్న చిన్న గిన్నెల్లా నొక్కి కూరగాయల పులుసులో ఉడికిస్తారు. ఆ భోజనంలో వెన్నది తోడు పాత్ర, ప్రధానం బార్లీ, గోధుమ. పైగా ఆ ఎత్తులో పుట్టి పెరిగిన ఒళ్ళు, మొన్న విమానం దిగిన మన ఒళ్ళు ఒకటి కాదు. నేనూ చాయ్ తాగుతాను, వేడిగా ఉప్పగా ఒక చిన్న కప్పు, ప్రాణం లేచొస్తుంది. రెండో కప్పుకి వెళ్ళను. కొవ్వు కడుపులోంచి త్వరగా కదలదు, దాని వెనక రావాల్సిన అన్నానికి దారి మూసేస్తుంది.

ప్రోటీన్ పొడి పనికిరాదని నేను అనడం లేదు. రోజంతా తొక్కిన కండరాలకు అది కావాలి. ఒక పూటకి ఇరవై, పాతిక గ్రాములు సరిపోతుంది. గుడ్లు దొరకని చోట ఒక స్కూపు వేడి జావలోనో పాలలోనో కలుపుకుంటే మంచిదే, నేనూ ఇప్పుడు చిన్న పొట్లాల్లో పట్టుకెళ్తాను. మరీ మరిగే నీళ్ళలో వేస్తే ఉండకడుతుంది, గోరువెచ్చగా అయ్యాక కలపాలి. నేను పోట్లాడేది “అరగంటలో ప్రోటీన్ పడకపోతే కష్టమంతా వృథా” అనే భయంతో. కండకి ఆ రాత్రంతా టైముంది. రేపు పొద్దున ఆరింటికి మళ్ళీ పెడల్ మీద కాలు పెట్టాల్సినవాడికి ఖాళీ అయిన గ్లైకోజెన్‌కే టైము లేదు. జిమ్‌లో పుట్టిన నియమాన్ని కనుమ మీదికి మోసుకెళ్ళడం వల్లే ఈ చిక్కంతా.

మర్నాడు విశ్రాంతి ఉంటే ఇంత తొందర అక్కర్లేదు. లేహ్‌లో ఉండి ఖార్దుంగ్‌లా ఎక్కి దిగిన రోజు అలాంటిదే. లేహ్ నుంచి నలభై కిలోమీటర్ల ఎక్కుడు, దాదాపు 1,850 మీటర్లు పైకి. (పైన బోర్డు మీద ఏళ్ళ తరబడి 18,380 అడుగులని ఉండేది. జీపీఎస్‌తో కొలిస్తే 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగుల లోపే. ఎక్కినవాళ్ళ కష్టం మాత్రం అడుగు కూడా తగ్గదు.) కనుమ మీద ఎక్కువసేపు కూర్చుని ఏదో ఒకటి తినేయాలని చూడకండి. ఫొటో దిగి, చలికోటు వేసుకుని, లేహ్ వైపు దారిలో ఉన్న సౌత్ పుల్లు చెక్‌పోస్టుకి దిగి అక్కడ వేడిగా ఏదైనా తాగండి. చలికి వేళ్ళు మొద్దుబారితే బ్రేకు లివర్ మీద పట్టు ఉండదు. లేహ్ చేరాక పెరుగు దొరుకుతుంది, గుడ్లు దొరుకుతాయి, మాంసం దొరుకుతుంది. స్నానం చేసి, నిదానంగా, మనసుకి నచ్చింది తినొచ్చు. ఆ రోజు నేను తినేది పెరుగన్నం, ఆమ్లెట్. ఊళ్ళోకి అలా దిగినప్పుడు బీరో, ఛాంగో (అక్కడి బార్లీ కల్లు) తాగి పండగ చేసుకునేవాళ్ళు ఉంటారు. మందు నిద్రలో ఊపిరిని ఇంకా నెమ్మదింపజేస్తుంది. కొత్తగా ఎత్తుకు వచ్చినవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

లేహ్ బజారులో ఎండు ఆప్రికాట్లు అమ్మే ఆడవాళ్ళు ఫుట్‌పాత్ మీద వరసగా కూర్చుంటారు. మన హైదరాబాద్ పెళ్ళిళ్ళలో ఖుబానీ కా మీఠాలో వేసే పండే. రాత్రి పది పండ్లు వేడి నీళ్ళలో నానేసి, పొద్దున ఆ నీళ్ళు తాగి పండ్లు తింటాను. తీపి, పొటాషియం, కాస్త పీచు. దారిలో జేబులో కూడా ఇవే. ఇంటి నుంచి తెచ్చిన వాటిలో పల్లీపట్టీ కన్నా బెల్లం ముక్క ఎక్కువ ఉపయోగపడింది. సున్నుండలు బంగారం లాంటి తిండి, కానీ నోరెండిపోయిన చోట అవి మింగుడుపడవు, పాలతో రాత్రికి దాచుకోవాలి. ఆవకాయ గోరంత నాలుకకి రాసుకుంటే ఆకలిని లేపుతుంది. ఇక్కడిలా ముద్దముద్దకీ నంజుకుంటే గుండెల్లో మంట.

అమ్మాయిలకి ఒక మాట. ఎత్తులో ఒళ్ళు కొత్త రక్తకణాలు చేసుకోవడానికి ఐరన్ వాడుకుంటుంది. మనలో చాలామందికి ఇక్కడే అది తక్కువ. బయల్దేరడానికి రెండు నెలల ముందే రక్తపరీక్ష చేయించుకుని, తక్కువుంటే డాక్టరు చెప్పినట్టు సరిచేసుకోండి. అక్కడికి వెళ్ళాక పాలకూర తింటే రాదు. భోజనంతోపాటు టీ తాగే అలవాటుంటే గంటన్నా ఎడం పెట్టండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

పాంగ్‌లో మర్నాడు పొద్దున ఆమా-లే అడక్కుండానే జావ చేసింది. నేనిచ్చిన చారుపొడి తనే కొలత చూసుకుని వేసింది, నాకన్నా కొంచెం ఎక్కువే. గిన్నె ఖాళీ చేసి, జేబులో బెల్లం, ఆప్రికాట్లు వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాం. పాంగ్ దాటగానే నాలుగైదు కిలోమీటర్లు మెలికలు తిరిగే ఎక్కుడు. చిన్న గేరులో, పది పెడళ్ళకి ఒకసారి లోతుగా ఊపిరి పీల్చుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా తొక్కాను. అది అయిపోగానే కొండలు పక్కకి తప్పుకున్నాయి. మోరే మైదానం, నలభై కిలోమీటర్లు ఒకే బల్లపరుపు, దూరంగా చాంగ్‌పా అనే సంచార కాపరుల గొర్రెల మంద దుమ్ము లేపుకుంటూ పోతోంది. సైకిల్ ఆపి వాచీ చూసుకున్నాను. తొమ్మిదిన్నర. కడుపులో ఏదో గుర్రుమంది. ముందు భయపడ్డాను, మళ్ళీ వికారమేమో అని. కాదు. ఆకలి.

వెనక వస్తున్న వాళ్ళని కేకేసి ఆపాను. రోడ్డు పక్కన రాళ్ళ మీద కూర్చుని, ఆమా-లే కాగితంలో చుట్టిచ్చిన ఖంబీర్ రొట్టెను నలుగురం తుంచుకుని తిన్నాం.